నిరాకృత అధ్యాయం, పునర్లిఖిత ప్రణయం: జేన్ ఆస్టిన్ ‘పర్స్వేషన్’ ముగింపు – ఒక పరిశీలన

జేన్ ఆస్టిన్ (1775–1817) రచించిన ఆరు ప్రధాన నవలలకు వ్రాతప్రతులు మిగలలేదు. అచ్చుకు వెళ్ళిన ప్రతులు అచ్చుతోనే అంతరించాయి. దీనికి ఒకే ఒక్క మినహాయింపు ‘పర్స్వేషన్’ నవల చివరి భాగం. విచిత్రమేమంటే మిగిలిన ఆ కాగితాలు అచ్చయిన పాఠానివి కావు. రచయిత్రి రాసి, సమాప్తమని తేదీ వేసి, ఆ పిమ్మట తోసిపుచ్చిన పాఠానివి. ముద్రణాలయానికి వెళ్ళవలసిన అవసరం తప్పిపోవడం వల్లనే అవి బతికాయి. ప్రస్తుతం ఇవి బ్రిటిష్ లైబ్రరీలో ఎగర్టన్ సంపుటాలలో 3038 సంఖ్యతో ఉన్నాయి.

తెలుగులో పాఠపరిష్కరణం అనగానే మనసుకు వచ్చేది తాళపత్రాలు, లేఖక ప్రమాదాలు, ప్రక్షిప్తాలు. బ్రౌను కాలం నుండి వేటూరి ప్రభాకరశాస్త్రి తరం వరకు మన పరిష్కర్తల శ్రమ అంతా కవి రాసిన మాటను రాయసగాళ్ళ చేతుల్లోంచి విడిపించడానికే ఖర్చయింది. కవి తానే రెండు రకాలుగా రాసి, ఒకదాన్ని కొట్టివేసిన సందర్భంలో పరిశోధకుడి పని వేరుగా ఉంటుంది. అక్కడ శుద్ధపాఠం ఏదన్న ప్రశ్న లేదు. రెండూ శుద్ధపాఠాలే. మొదటిది ఎందుకు చాలలేదన్నదే ప్రశ్న. ఆధునిక తెలుగు నవలాకారుల చిత్తుప్రతులను భద్రపరచి చదివే అలవాటు ఇంకా బలపడని దశలో, ‘పర్స్వేషన్’ వంటి ఉదాహరణ ఈ పద్ధతికి ఏమి సాధ్యమో చూపగలదు.

రచయిత్రి శైలిని మెరుగుపెట్టుకున్నదని, చప్పగా ఉన్న ముగింపును రక్తికట్టించిందని ఈ పునర్లేఖనాన్ని వివరించడం పరిపాటి. రెండు పాఠాలను పక్కపక్కన పెట్టి చదివితే ఆ వివరణ సరిపోదని తేలుతుంది. మారినది ప్రధానంగా వక్త. ఎనిమిదేళ్ళ విరహాన్ని తెంచే మాట ఎవరి నోట రావాలి, ఎవరి చెవిన పడాలి అన్న నిర్ణయం మారింది. తక్కిన మార్పులన్నీ దాని వెంట వచ్చినవే.

కథాబీజం, కాలక్రమం

సర్ వాల్టర్ ఎలియట్ అనే బారొనెట్ రెండవ కుమార్తె ఆన్. పంతొమ్మిదేళ్ళ ప్రాయంలో ఆమె ఫ్రెడరిక్ వెంట్‌వర్త్ అనే యువ నౌకాదళాధికారిని ప్రేమించింది. అతనికి ఆస్తి లేదు, అండ లేదు. తల్లి లేని ఆన్‌కు తల్లి వంటి లేడీ రస్సెల్ నచ్చజెప్పి ఆ సంబంధాన్ని తెంచివేయించింది. ఎనిమిదేళ్ళకు కథ మొదలవుతుంది. ఈలోగా యుద్ధంలో పట్టిన శత్రునౌకల సొమ్ముతో వెంట్‌వర్త్ సంపన్నుడయ్యాడు. ఎలియట్ కుటుంబం అప్పులపాలై తమ కెలించ్ హాల్‌ను అద్దెకిచ్చింది. అద్దెకు దిగిన అడ్మిరల్ క్రాఫ్ట్ భార్య వెంట్‌వర్త్‌కు స్వయానా అక్క. ఆ విధంగా ఇద్దరూ మళ్ళీ ఒకే ఇళ్ళలో, ఒకే విందులలో తారసపడతారు. వెంట్‌వర్త్ మస్‌గ్రోవ్ కుటుంబంలోని లూయిజా వైపు మొగ్గినట్లు కనిపిస్తాడు. ఆన్‌ను వరుసకు సోదరుడు, వారసుడు అయిన విలియం ఎలియట్ కోరుతున్నాడని బాత్ నగరమంతా అనుకుంటుంది. రెండవ సంపుటం తొమ్మిదవ అధ్యాయంలో మిసెస్ స్మిత్ అనే పాత స్నేహితురాలి నోట ఆ ఎలియట్ నిజస్వరూపం ఆన్‌కు తెలుస్తుంది. రచయిత్రికి చిక్కు వచ్చింది దీని తరువాతనే.

ఆస్టిన్ అక్క కసాండ్రా రాసి ఉంచిన తేదీల పట్టిక ప్రకారం ‘పర్స్వేషన్’ 1815 ఆగస్టు 8న మొదలై 1816 ఆగస్టు 6న ముగిసింది. వ్రాతప్రతిలో పదవ అధ్యాయం తలపై జూలై 8 అని ఉంది. పదకొండవ అధ్యాయం చివర 1816 జూలై 16న సమాప్తమని రాసి, మరికొంత చేర్చి, జూలై 18న మళ్ళీ సమాప్తమని రాసింది. అంటే తోసిపుచ్చిన పాఠంలోనే ఒక పునర్లేఖనం ఉంది. ఆ రెండవ సమాప్తికి, కసాండ్రా పేర్కొన్న తేదీకి నడుమ 19 రోజులు. ఆ వ్యవధిలో పదవ అధ్యాయం స్థానంలో రెండు కొత్త అధ్యాయాలు వెలిశాయి. పాత పదకొండవది చాలా వరకు అలాగే నిలిచి పన్నెండవది అయింది.

తిరగరాయడం ఆస్టిన్‌కు కొత్త పని కాదు. 1796–97లో ‘ఫస్ట్ ఇంప్రెషన్స్’ పేరిట రాసిన నవలను తండ్రి 1797 నవంబరులో కాడెల్ అనే ప్రచురణకర్తకు ప్రతిపాదిస్తే, ఆయన చదవకుండానే తిరస్కరించాడు. అదే ఎన్నో కోతల తరువాత 1813లో ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’గా వచ్చింది. 1803లో 10 పౌండ్లకు అమ్ముడైన ‘సుసాన్’ ప్రచురణకర్త దగ్గరే మూలపడి ఉంటే, 1816లో అదే 10 పౌండ్లు చెల్లించి వెనక్కు తీసుకున్నారు. అది ‘నార్తాంగర్ ఆబీ’గా వెలువడింది ఆమె మరణించాకనే. అయితే ఆ పునర్లేఖనాలకు సంవత్సరాల దూరం తోడ్పడింది. యౌవనంలో రాసినదాన్ని నడివయసులో సవరించింది. ‘పర్స్వేషన్’ విషయంలో ఆ దూరం లేదు. పైగా అది కష్టకాలం. అన్న హెన్రీ బ్యాంకు 1816 మార్చిలో దివాలా తీసింది. ఆమె ఆరోగ్యం ఆ ఏడాదే క్షీణించడం మొదలుపెట్టింది. సిరా ఆరీ ఆరకముందే తన ముగింపును తానే కాదనుకోవడం ఈ నేపథ్యంలో జరిగింది.

తొలి పాఠం: దౌత్యం

తోసిపుచ్చిన పదవ అధ్యాయంలో కథ ఇలా నడుస్తుంది. మిసెస్ స్మిత్ ఇంటినుండి తిరిగివస్తున్న ఆన్‌కు గే స్ట్రీట్‌లో అడ్మిరల్ క్రాఫ్ట్ ఎదురవుతాడు. తన భార్యను చూసి వెళ్ళమని బలవంతపెట్టి లోపలికి తీసుకువెళతాడు. భార్య పై అంతస్తులో దుస్తులు కుట్టే మనిషితో ఉంది. కింద గదిలో ఉన్నది వెంట్‌వర్త్. అడ్మిరల్ అతనిని పక్కకు పిలిచి ఏదో పని ఒప్పజెబుతాడు. కెలించ్ పేరు, తన పేరు తలుపు అవతలినుండి ఆన్ చెవిన పడతాయి. ఆ పని ఇది: ఆన్ మిస్టర్ ఎలియట్‌ను పెళ్ళాడి కెలించ్‌లో కాపురం పెట్టదలచుకున్నదని ఊళ్ళో వాడుక. అదే నిజమైతే క్రాఫ్ట్ దంపతులు అద్దె ఒప్పందాన్ని వదులుకొని ఇల్లు ఖాళీ చేస్తారు. నిజమో కాదో ఆమెను అడిగి తెలుసుకోవాలి. అడ్మిరల్ తాను తప్పుకొని బావమరిదిని ముందుకు తోస్తాడు. వెంట్‌వర్త్ తడబడుతూ సందేశం వినిపిస్తాడు. ఆ వదంతిలో నిజం లేదని ఆన్ చెబుతుంది. ఏ కొంచెమూ లేదా అని అతను రెట్టిస్తాడు. లేదని ఆమె మళ్ళీ చెబుతుంది. అతను కుర్చీ దగ్గరకు జరుపుకుంటాడు. తక్కినదంతా చూపులతోనే తేలిపోతుంది. ఆ సాయంకాలం క్రాఫ్ట్ వారి సోఫామీద ఇద్దరూ గతాన్ని నెమరువేసుకుంటారు.

ఈ ఘట్టాన్ని తెలుగు పాఠకులు వెంటనే గుర్తుపడతారు. తాను వలచిన కన్య దగ్గరకు పరుల తరఫున దూతగా వెళ్ళవలసివచ్చిన నాయకుడు మనకు నలుడు. ఇంద్రాది దిక్పాలకుల కోరికను దమయంతికి విన్నవించే నలుని స్థితిని శ్రీహర్షుడు, అతనిని తెనిగించిన శ్రీనాథుడు ‘శృంగార నైషధం’లో ఎంతో విస్తరించి చూపారు. వస్తుసామ్యం ఆశ్చర్యం కలిగించేదే. ప్రతిస్పర్ధి పక్షాన మాట్లాడడం, నాయిక ఎదుట ముఖం దాచుకోవలసిరావడం, ఆమె తిరస్కారమే తనకు ప్రాణం పోయడం రెండుచోట్లా ఉన్నాయి. అయినా నైషధంలో సర్గల పొడవునా నిలబడిన సన్నివేశం ఆస్టిన్ చేతిలో రెండు మూడు పుటలకు మించి నిలబడలేదు. కారణం సామర్థ్యలోపం కాదు. నలుడు మాట ఇచ్చాడు. ఇచ్చిన మాటకు, వలపుకు నడుమ నలుగుతున్నవాడు అతడే. దమయంతి కన్నీరు చూసి తాను ఎవరో బయటపెట్టుకునే క్షణంలో అతని ధర్మం, ప్రేమ రెండూ పరీక్షకు నిలుస్తాయి. అతని దౌత్యంలో పణంగా ఉన్నది అతని సత్యం. వెంట్‌వర్త్ దౌత్యంలో పణంగా ఉన్నది ఒక ఇంటి అద్దె. అది కూడా తనది కాదు, బావగారిది. అతను ఇబ్బంది పడతాడు గాని ఏదీ ఎంచుకోవలసిన పని లేదు. ఆన్ స్థితి అంతకంటె పలుచన. అడిగినదానికి లేదని చెప్పడం తప్ప ఆమెకు కర్తవ్యమే లేదు. ఎలియట్‌ను ఆమె పెళ్ళాడడం లేదన్నది నిజమే. వెంట్‌వర్త్‌ను ఆమె ఇంకా ప్రేమిస్తున్నదన్న నిజం ఆ జవాబులో లేదు. కోరినవానికి కోరినది దొరికింది గాని దాన్ని సాధించినవారు లేరు.

రూపకశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే ఇక్కడ కథ ప్రాప్త్యాశనుండి ఒక్క గెంతున ఫలాగమానికి చేరుకుంది. నడుమ నియతాప్తి అనే అవస్థ, అంటే విఘ్నం తొలగి ఫలం నిశ్చయమయ్యే దశ, లోపించింది. నాటక లక్షణాన్ని ఆంగ్ల నవలకు అంటగట్టడం ఎంతవరకు సమంజసమన్న ఆక్షేపణ రావచ్చు. లక్షణం ఉన్నదని నవల మంచిదనో, లేదని చెడ్డదనో ఇక్కడ చెప్పడం లేదు. లోపించినది ఏమిటో ఆ మాట ఖచ్చితంగా సూచిస్తుంది. ఆస్టిన్ కొత్తగా చేర్చినది సరిగ్గా ఆ అవస్థనే కావడం గమనార్హం.

మలి పాఠం: నలుగురి మధ్య

కొత్త పదవ అధ్యాయంలో ఆస్టిన్ మొదట చేసిన పని గదిని జనంతో నింపడం. మస్‌గ్రోవ్ కుటుంబం బాత్‌కు వచ్చి వైట్ హార్ట్ సత్రంలో దిగుతుంది. వచ్చేవారు, పోయేవారు, పెట్టెలు, పొట్లాలు, కబుర్లు. మరునాటి నాటకానికి టికెట్లు తీసుకున్నానని చార్లెస్ మస్‌గ్రోవ్ అంటే, ఆ సాయంత్రం ఎలియట్ల ఇంట విందు ఉందని, మిస్టర్ ఎలియట్ అక్కడికి వస్తాడని అతని భార్య మేరీ గొడవ చేస్తుంది. తన ఇష్టానికే వదిలేస్తే ఇంట్లో విందు తనకు ఏమాత్రం అడ్డు కాదని ఆన్ అంటుంది. చెప్పింది మిసెస్ మస్‌గ్రోవ్‌కు. గదిలో వెంట్‌వర్త్ ఉన్నాడని, వింటున్నాడని ఆమెకు తెలుసు. తొలి పాఠంలో అడ్మిరల్ అడిగించి రాబట్టిన జవాబునే ఇక్కడ ఆమె అడగకుండా, తన పూనికతో, వేరొక విషయంలో పెట్టి చెప్పింది. నియతాప్తి మొదలైనది ఈ చిన్న వాక్యంతో. దాని ఫలితంగా వెంట్‌వర్త్ లేచి నిప్పుగూటి దగ్గరకు నడిచివచ్చి ఆమెతో పాతరోజుల ప్రస్తావన తెస్తాడు. అంతలో సర్ వాల్టర్, పెద్దకూతురు ఎలిజబెత్ రావడంతో గది చల్లబడిపోతుంది.

పదకొండవ అధ్యాయం సుప్రసిద్ధం. అదే సత్రం గది, మరునాడు. వెంట్‌వర్త్ బల్ల దగ్గర కూర్చుని ఉత్తరం రాస్తున్నాడు. కెప్టెన్ హార్‌విల్ కిటికీ దగ్గర ఆన్‌తో మాట్లాడుతున్నాడు. హార్‌విల్ చనిపోయిన చెల్లెలు ఫానీ కోసం కెప్టెన్ బెన్విక్ గీయించుకున్న తన చిన్న చిత్తరువును ఇప్పుడు లూయిజా కోసం చట్రం కట్టించాలి. వెంట్‌వర్త్ రాస్తున్నది ఆ చట్రం గురించే. తన చెల్లెలైతే ఇంత త్వరగా మరచిపోయేది కాదని హార్‌విల్ బాధపడతాడు. ఆ మాటతో స్త్రీపురుషులలో ఎవరి ప్రేమ ఎక్కువకాలం నిలుస్తుందన్న వాదం పుడుతుంది. స్త్రీలు ఇంటిపట్టున ఉంటారు గనుక వారి వ్యథ వారినే తింటుందని, పురుషులకు వృత్తి ఉంది, లోకం ఉంది అని ఆన్ అంటుంది. పుస్తకాలన్నీ, పాటలూ సామెతలూ కూడా స్త్రీ చాంచల్యాన్నే చెబుతున్నాయని హార్‌విల్ వాదిస్తాడు. కలం ఇంతకాలమూ పురుషుల చేతిలో ఉన్నది గనుక పుస్తకాల సాక్ష్యం చెల్లదని ఆమె జవాబు. ఆశ పోయినా ప్రేమించగలగడం ఒక్కటే తమ జాతికి తాను కోరుకునే గౌరవమని ఆమె వాదాన్ని ముగిస్తుంది.

మన అలంకారికులు దీన్ని అన్యాపదేశమనే అంటారు. విషయం బెన్విక్, శ్రోత హార్‌విల్, ప్రతిపాదన సమస్త స్త్రీలోకం గురించి. వ్యంగ్యార్థం మాత్రం ఒకే ఒక్క స్త్రీది, ఉద్దిష్టుడు ఒకే ఒక్క పురుషుడు. కాని సాధారణ అన్యాపదేశంలో వక్తకు తన వ్యంగ్యం మీద పూర్తి అధికారం ఉంటుంది. తుమ్మెదను పిలిచి నాయకుణ్ణి దెప్పే నాయికకు తాను ఏమి చేస్తున్నదీ తెలుసు. ఆన్‌కు సగమే తెలుసు. వాదం నడుమ వెంట్‌వర్త్ చేతిలోని కలం కింద పడుతుంది. అతను తాను అనుకున్నదానికంటె దగ్గరగా ఉన్నాడని ఆమె అప్పుడే గ్రహిస్తుంది. మాటలు అందాయో లేదో నిశ్చయంగా తెలియదు. అక్కడినుండి ఆమె పలికే ప్రతి మాటకు రెండు బరువులు. తెలిసి చెబితే అది మగువ ముందుగా మనసు విప్పడమై ఆనాటి మర్యాదకు భంగం. తెలియక చెబితే అది మళ్ళీ తొలి పాఠంలో వలె యాదృచ్ఛికం. ఈ రెండింటికీ నడుమ ఉన్న సన్నని దారిని ఆస్టిన్ పట్టుకుంది. తొలి పాఠానికి, మలి పాఠానికి ఉన్న అంతరాన్ని ఒక్క చోట చూపమంటే కింద పడిన ఆ కలాన్నే చూపాలి.

ఆ కలం మరొక పని కూడా చేస్తుంది. పురుషుల చేతిలోని కలాన్ని గురించి వాదం జరుగుతున్న గదిలో ఉన్న ఒకే ఒక్క కలం వెంట్‌వర్త్ చేతిలో ఉంది. ఆమె మాటలు వింటూ అతను దానితో రెండవ ఉత్తరం మొదలుపెడతాడు. చట్రం ఉత్తరం మాటున ప్రేమలేఖ తయారవుతుంది. అందులోని వాక్యాలు ఆమె వాదానికి అప్పటికప్పుడు పుట్టిన ప్రత్యుత్తరాలు. ఆమె పలుకుతుంటే అతను రాస్తున్నాడు. ‘అభిజ్ఞాన శాకుంతలం’ మూడవ అంకంలో శకుంతల తామరాకు మీద రాసిన మదనలేఖను చెలులకు చదివి వినిపిస్తుంటే చాటుననున్న దుష్యంతుడు విని బయటికి వస్తాడు. అక్కడ లేఖ స్త్రీది, చాటున వినడం పురుషునిది. ఇక్కడ పలుకు స్త్రీది, వినడమూ లేఖా పురుషునివి. వలపు ముందుగా బయటపడింది రెండుచోట్లా నాయిక వైపునుండే. అయితే శకుంతల కోరికను చెలులు ప్రోత్సహించారు. ఆన్‌కు ప్రోత్సహించిన చెలి లేదు. పెద్దల ప్రోత్సాహం ఒకప్పుడు ఆమెను ఏ దారి పట్టించిందో నవల పేరే చెబుతుంది.

చాటున వినడం ఈ నవలలో మొదటినుండీ ఉన్న సూత్రమే. మొదటి సంపుటం పదవ అధ్యాయంలో పొదల వరుసకు ఇవతల కూర్చున్న ఆన్‌కు, అవతల వెంట్‌వర్త్ లూయిజాతో అంటున్న మాటలు వినిపిస్తాయి. చేతిలో గట్టి కాయ ఒకటి పట్టుకుని, మనసు అంత గట్టిగా ఉండాలని అతను మెచ్చుకుంటాడు. ఆ మెప్పు ఆన్‌కు పరోక్ష దండన. మలి పాఠం ఆ సన్నివేశాన్ని తిరగవేసింది. ఈసారి వినేవాడు అతను, మాట్లాడేది ఆమె, విషయం మళ్ళీ స్థైర్యమే. గట్టి మనసు ఎవరిదో అతనికి తెలిసివస్తుంది. తొలి పాఠంలోనూ తలుపు అవతలి మాటలు ఆన్ చెవిన పడ్డాయి గాని అవి కేవలం సమాచారం. ముందు కథతో వాటికి ముడి పడలేదు.

ఆస్టిన్ తక్కిన నవలలతో పోల్చినప్పుడు ఈ మార్పు మరింత స్పష్టమవుతుంది. నాయిక అంగీకారాన్ని ఆమె మాటల్లో వినిపించకపోవడం ఆస్టిన్ పాత అలవాటు. ‘ఎమ్మా’లో నైట్లీకి ఎమ్మా ఇచ్చిన జవాబును కథకురాలు చమత్కారంగా దాటవేస్తుంది. ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’లో ఎడ్మండ్ మనసు ఎప్పుడు మళ్ళిందో పాఠకుల ఊహకే వదిలేస్తుంది. చూపులతో తేల్చేసిన తొలి పాఠం ఆ అలవాటుకు కొనసాగింపు. మలి పాఠంలోనూ లేఖ అందిన తరువాత యూనియన్ స్ట్రీట్‌లో వెంట్‌వర్త్ కలిసినప్పుడు ఆన్ నోట అంగీకారవాక్యం లేదు. వెంట ఉన్న చార్లెస్ తుపాకులు చేసేవాని దుకాణానికి పోవలసి ఉందని ఆమెను అతనికి అప్పగించి వెళతాడు. ఇద్దరూ నడక సాగిస్తారు. అంటే ఆస్టిన్ తన నియమాన్ని భంగపరచలేదు. ఆ నియమం మిగిల్చిన ఖాళీని ముందే నింపింది. చెప్పవలసినది ఆన్ అంతకు ముందే, మరొకరితో చెప్పివేసింది.

పోగొట్టుకున్నది

మలి పాఠం మేలైనదని అంగీకరించిన విమర్శకులలో చాలామంది తొలి పాఠాన్ని వైఫల్యంగా జమకట్టారు. ఈ తీర్పు తొందరపాటుది. అడ్మిరల్ క్రాఫ్ట్ మొరటుదనంలోని మంచితనం, పెద్దమనిషి చేసిన అమాయకపు కుట్ర, వెంట్‌వర్త్ తడబాటు అందులో హాస్యశృంగారాలను హాయిగా కలిపాయి. అంతకంటె ముఖ్యమైనది ఇల్లు. ఎలియట్‌ను పెళ్ళాడితే తల్లి స్థానంలో కెలించ్ యజమానురాలు కావచ్చునన్న ఆశను లేడీ రస్సెల్ అంతకుముందే ఆన్‌కు చూపింది. ఆన్ మనసు ఆ ఊహకు ఒక్క క్షణం చలించింది కూడా. తొలి పాఠంలో వెంట్‌వర్త్ తెచ్చిన ప్రశ్న పెళ్ళితో పాటు ఆ ఇంటి గురించి కూడా. ఆన్ లేదని అన్నప్పుడు పుట్టింటిని కూడా వదులుకుంటున్నది. అదీ వెంట్‌వర్త్ ఎదుట. భూస్వాముల ఇల్లు నావికుల చేతికి మారడం ఈ నవల సామాజిక వస్తువు అని ఒప్పుకున్నవారు ఆ త్యాగం మలి పాఠంలో తెరమరుగు కావడాన్ని పట్టించుకోవలసి ఉంది. ఆస్టిన్ అద్దె ప్రస్తావనను ఇంకొకచోట ఇమిడ్చి ఉండవచ్చు. ఇమడ్చలేదు.

కొత్త అధ్యాయాలు సరిదిద్దని లోపాలూ ఉన్నాయి. మిసెస్ స్మిత్ చెప్పిన రహస్యాల వల్ల కథలో ఏమీ జరగదు. ఎలియట్ అప్పటికే ఆన్ మనసులో లేడు. సత్రం కిటికీలోనుండి మిసెస్ క్లే, ఎలియట్ రహస్యంగా మాట్లాడుకోవడం చూపించి చివరి అధ్యాయంలోని వారి వ్యవహారానికి ఒక సూచన చేర్చింది గాని, అది అతుకుగానే మిగిలింది.

ఒక రాత్రి కథ

ఈ పునర్లేఖనాన్ని గురించి లోకంలో నిలిచిన కథ ఒకటి ఉంది. అన్న కుమారుడు జేమ్స్ ఎడ్వర్డ్ ఆస్టిన్-లీ రాసిన జీవితచరిత్రలోనిది. ముగించిన అధ్యాయం నిస్సారంగా ఉందన్న దిగులుతో ఆమె ఒక రాత్రి నిద్రకు ఉపక్రమించిందని, తెల్లవారి లేచేసరికి కొత్త ఉత్సాహంతో మార్గం తోచిందని అందులో ఉంది. ఆ పుస్తకం రెండవ కూర్పు 1871లో, నవల రాసిన 55 సంవత్సరాలకు వెలువడింది. తోసిపుచ్చిన పదవ అధ్యాయం తొలిసారి అచ్చయినది అందులోనే. ఇంటిపని నడుమ ఆయాసం లేకుండా రాసుకున్న పెళ్ళికాని మేనత్త అన్న చిత్రానికి ఆ ఒక్క రాత్రి కథ చక్కగా అమరింది. వ్రాతప్రతి చెప్పేది వేరు. ఆర్. డబ్ల్యు. చాప్‌మన్ 1926లో రెండు అధ్యాయాలనూ ప్రతిలోని కొట్టివేతలతో సహా ప్రచురించారు. తరువాత బ్రయన్ సదమ్ 1964లో, కాథరిన్ సదర్లాండ్ 2005లో ఆస్టిన్ వ్రాతప్రతులను విస్తృతంగా చర్చించారు. ఆ పుటలలో పంక్తుల నడుమ ఇరికించిన మాటలు, అంచులకు ఎక్కిన సవరణలు, రెండు సమాప్తులు కనిపిస్తాయి. నిద్రలో దొరికిన పరిష్కారపు ఆనవాళ్ళు కావవి. జూలై 16నుండి 18 వరకు ఉన్నదాన్ని బాగుచేయడానికి పాటుపడి, అది బాగుపడేది కాదని తేలిన తరువాత 19 రోజులు కొత్తదానికి వెచ్చించిన రచయిత్రి శ్రమకు అవి ఆనవాళ్ళు.

తోసిపుచ్చినదంతా పారవేయలేదన్నది కూడా గమనించాలి. సోఫామీద వెంట్‌వర్త్ ఆన్‌కు చెప్పుకున్న సంజాయిషీ, తన అసూయ, లైమ్ రేవులో లూయిజా పడిపోయిన నాటినుండి తనకు కలిగిన వివేకం కొత్త పాఠంలోకి చాలా వరకు తరలివచ్చాయి. ఇప్పుడు అది వారు నడుస్తూ మాట్లాడుకునే కంకర బాట మీద జరుగుతుంది. చుట్టూ పనిమనుషులు, పిల్లలు, వ్యాహ్యాళికి వచ్చినవారు. ఎవరూ వీరిని చూడరు, వీరూ ఎవరినీ చూడరు. అవే మాటలు మూసిన గదిలో ఏకాంతం కావడం సహజం. నడివీధిలో ఏకాంతం కావడానికి వెనుక సత్రం గదిలోని రెండు రోజులు కావలసివచ్చాయి. తొలి పాఠంలోని సంజాయిషీ చదివినప్పుడు అది కథకు వివరణగా తోస్తుంది. మలి పాఠంలో అదే వరస విశ్రాంతిగా తోస్తుంది. వాక్యాలు పెద్దగా మారలేదు, వాటికి ముందు జరిగినది మారింది. పునర్లేఖనాన్ని కేవలం శైలీసంస్కారంగా లెక్కించడం ఎందుకు పొసగదో దీనివల్ల తెలుస్తుంది.

1817 మార్చిలో అన్న కుమార్తె ఫానీ నైట్‌కు రాసిన ఉత్తరాలలో ఆస్టిన్ ఒక నవల సిద్ధంగా ఉందని, సంవత్సరం తరువాత వెలువడవచ్చునని తెలిపింది. అందులో నాయిక తనకే అతిగా మంచిదనిపించే మనిషి అని కూడా హాస్యమాడింది. ఆ మార్చిలోనే ‘సాండిటన్’ రచన ఆగిపోయింది. జూలై 18న, అంటే వ్రాతప్రతి మీద రెండవ సమాప్తి రాసిన సరిగ్గా ఏడాదికి, ఆమె వించెస్టర్‌లో కన్నుమూసింది. 1817 డిసెంబరులో జాన్ మర్రే ‘నార్తాంగర్ ఆబీ’తో కలిపి నాలుగు సంపుటాలుగా ఈ నవలను ప్రచురించాడు. ముఖపత్రం మీద సంవత్సరం 1818. ‘ది ఎలియట్స్’ అనే పేరు ఆమె ఆలోచనలో ఉండేదని కుటుంబంలో నిలిచిన మాట. ఒక వంశం పేరుతో వెలువడి ఉంటే కెలించ్ అద్దె, ఆ ఇంటిని కాదన్న ఆన్ జవాబు తోసిపుచ్చిన కాగితాలలోనే ఉండిపోవడం పాఠకులను మరికొంత వెలితిగా తాకేది. ‘పర్స్వేషన్’ అన్న పేరు కింద మాత్రం ఒకప్పుడు పెద్దల మాటకు తలవంచిన స్త్రీ ఎనిమిదేళ్ళకు కిటికీ పక్కన నిలబడి ఎదుటివానికి నచ్చజెప్పడమే ముందుకు వస్తుంది.